ఇంటి వీడియోల ఎడిటింగ్ నేర్చుకోవాలా? ముందు పుస్తకం ఎంచుకోండి, సాఫ్ట్‌వేర్ తర్వాత

సంక్రాంతి అయిన వారానికి విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. మనవడి అన్నప్రాసన, భోగిపళ్లు, అందరూ కలిసి వెళ్లిన అరకు రైలు ప్రయాణం, ఆర్కే బీచ్‌లో ఆ పిల్లాడు మొదటిసారి కెరటం చూసి ఏడ్చిన ఏడుపు, అన్నీ ముగ్గురి ఫోన్లలో కలిపి యాభై జీబీ దాకా ఉన్నాయట. "అందరికీ చూపించేలా ఒక అరగంట సినిమా చేద్దామనుకుంటున్నానే, ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోమంటావు?" అని అడిగింది. ఈ రెండేళ్లలో నన్ను ఈ మాట అడిగినవాళ్లు పదిమంది ఉంటారు, అందరికీ చెప్పిందే పిన్నికీ చెప్పాను. సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నువ్వు చదవగలిగే పుస్తకం దేనికి ఉందో ముందు అది చూడు అని.

నేను అకౌంట్స్ పని చేసుకునే మనిషిని, వీడియో నా వృత్తి కాదు. నేర్చుకోవాల్సి వచ్చింది హుద్‌హుద్ తుపాను వల్ల. 2014 అక్టోబర్ 12న మద్దిలపాలెంలో మా ఇంటి కిటికీ అద్దాలు పగిలి గదిలోకి నీళ్లు వచ్చేశాయి, బీరువా కింది అరలో అక్క పెళ్లి వీహెచ్ఎస్ క్యాసెట్లు, నాన్నగారు మాట్లాడిన మినీ డీవీ టేపులు ఉన్నాయి. అయిదింటిలో రెండే మిగిలాయి. చాలా ఏళ్ల తర్వాత ఆ రెండూ కంప్యూటర్‌లోకి ఎక్కించమని ఊళ్లో ఒక షాపులో ఇస్తే, నాన్నగారి పెదాలు ముందు కదిలి గొంతు వెనకాల వినిపించే ఫైలు చేతిలో పెట్టారు. సరిచేయమంటే మళ్లీ మొత్తం డబ్బు అడిగారు. ఇక నేనే నేర్చుకుంటానని కూర్చున్నాను.

మొదట అందరిలాగే యూట్యూబ్ పట్టుకున్నాను. ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలల్లో స్లో మోషన్ చేయడం వచ్చింది, టైటిల్ మెరుపులా వచ్చి మాయమయ్యేలా చేయడం వచ్చింది, ఆకాశం రంగు మార్చడం కూడా వచ్చింది, కానీ నాన్నగారి గొంతు ఎందుకు వెనకబడుతోందో మాత్రం తెలియలేదు, ఎందుకంటే ఆ సమస్యను ఏ పేరుతో వెతకాలో నాకు తెలియదు. ఫ్రేమ్ రేట్ అనే మాటే నేను వినలేదు. తర్వాత ఒక పుస్తకం పట్టుకుని మొదటి నుంచి చదివితే రెండో అధ్యాయంలోనే, ప్రాజెక్ట్ మొదలుపెట్టేటప్పుడు ముందు తేల్చుకోవాల్సింది సెకనుకు ఎన్ని ఫ్రేములు, అంటే ఎన్ని నిశ్చల బొమ్మలు అన్నదేనని కనిపించింది. మన పాత క్యాసెట్లన్నీ పాల్ అనే పాత టీవీ పద్ధతివి, సెకనుకు 25 ఫ్రేములు. ఫోన్ వీడియోలు ఎక్కువగా 30. అది కూడా స్థిరంగా 30 కాదు, వెలుతురును బట్టి, వేడెక్కడాన్ని బట్టి ఫోన్ కాస్త అటూ ఇటూ చేస్తుంది, అందుకే పొడుగాటి ఫోన్ వీడియోలో చివరికొచ్చేసరికి మాట, మనిషి వేరవుతారు. క్యాసెట్ విషయంలో కారణం ఇంకొకటి, కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు మధ్యమధ్యలో ఫ్రేములు జారిపోవడం. ఈ రెండూ ఎనిమిది నెలల యూట్యూబ్‌లో నా కంట పడలేదు. యూట్యూబ్ మీద కోపం లేదు, ఇప్పటికీ రోజూ చూస్తాను, కాకపోతే ఏం అడగాలో తెలిశాక చూస్తాను.

ముందు మీ కంప్యూటర్ సంగతి

పోలికలోకి వెళ్లే ముందు మీ ల్యాప్‌టాప్‌లో ర్యామ్ ఎంతుందో, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉందో లేదో చూసుకోండి. విండోస్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి సిస్టమ్, దాని కింద అబౌట్ నొక్కితే ర్యామ్ కనిపిస్తుంది. ఇది చూడకుండా పుస్తకం మొదలుపెట్టినవాళ్లు మూడో పాఠంలో ఆగిపోవడం నా కళ్లారా చూశాను. పుస్తకంలో "ఇప్పుడు ప్లే నొక్కండి" అని ఉంటుంది, నొక్కితే బొమ్మ తట్టుకుని తట్టుకుని నడుస్తుంది, తప్పు తమదే అనుకుని మూసేస్తారు.

స్థలం లెక్క కూడా వేసుకోండి. ఐఫోన్ సెట్టింగ్స్‌లో ఆపిల్ ఇచ్చిన లెక్క ప్రకారమే 1080పీ వీడియో సెకనుకు 30 ఫ్రేముల దగ్గర, పొదుపు ఫార్మాట్‌లో, నిమిషానికి దాదాపు 60 ఎంబీ తింటుంది, 4కె అయితే 170 ఎంబీ. అంటే గంట 4కె వీడియో పది జీబీ. మినీ డీవీ టేపు గంటకు 13 జీబీ దాకా వస్తుంది. ఎడిటింగ్ చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ తన కోసం తయారు చేసుకునే తాత్కాలిక ఫైళ్లు దీనికి అదనం. కాబట్టి సీ డ్రైవ్‌లో ఇరవై జీబీ మిగిలి ఉన్న ల్యాప్‌టాప్ మీద మొదలుపెట్టకండి, ముందు ఒక బయటి హార్డ్‌డిస్క్ కొనుక్కోండి. ఆ డబ్బు ఎలాగూ వృథా కాదు, ఎందుకంటే సముద్రం గాలికి మన ఊళ్లో క్యాసెట్ల మీద బూజు పట్టేస్తుంది, ఎంత తొందరగా డిస్క్‌లోకి ఎక్కిస్తే అంత మంచిది.

ఏది ఎవరికి

డావిన్సీ రిజాల్వ్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే నేను చివరికి నిలిచింది దాని దగ్గరే. ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ కంపెనీ బ్లాక్‌మ్యాజిక్ డిజైన్‌ది ఇది. సినిమాలకు రంగులు దిద్దే యంత్రంగా పేరు తెచ్చుకున్న డావిన్సీని 2009లో కొనుక్కుని, తర్వాత ఉచితంగా కూడా ఇవ్వడం మొదలుపెట్టారు. ఉచిత వెర్షన్‌లో 4కె టీవీ సైజు, అంటే 3840 బై 2160 దాకా, వాటర్‌మార్క్ (కంపెనీ ముద్ర) లేకుండా ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు, అంటే పూర్తయిన వీడియోను ఫైలుగా బయటికి తీసుకోవచ్చు, ఇంటి పనికి ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. దీన్ని నేను గట్టిగా చెప్పడానికి అసలు కారణం వేరే ఉంది. కంపెనీవాళ్లే రాయించిన పాఠ్యపుస్తకాన్ని వాళ్ల వెబ్‌సైట్‌లో ట్రైనింగ్ పేజీలో పీడీఎఫ్‌గా ఉచితంగా ఇస్తారు, పాఠాలకు కావాల్సిన వీడియో ఫైళ్లతో సహా. కొత్తవాళ్లకు ఒకటి, రంగులకు విడిగా ఒకటి, శబ్దానికి విడిగా ఒకటి ఉన్నాయి. పుస్తకంలో ఏ క్లిప్ కనిపిస్తుందో అదే క్లిప్ మీ స్క్రీన్ మీద ఉంటుంది, పుస్తకం చెప్పిన చోట కట్ చేస్తే పుస్తకంలో చూపించినట్టే వస్తుంది, రాకపోతే తప్పు ఎక్కడో వెంటనే తెలుస్తుంది. కొత్తగా నేర్చుకునే మనిషికి దీనివల్ల వచ్చే ధైర్యం అంతా ఇంతా కాదు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. 16 జీబీ ర్యామ్, సొంత మెమరీ ఉన్న గ్రాఫిక్స్ కార్డు లేకపోతే దాని జోలికి వెళ్లకండి. లైనక్స్ వాడేవాళ్లకు ఇంకో చిక్కు, ఉచిత వెర్షన్ అక్కడ మామూలు ఫోన్ వీడియోలను నేరుగా తెరవదు, ముందు మార్చుకోవాలి. ఇంకొకటి, మీ ప్రాజెక్టును అది వర్డ్ ఫైలులా ఒక ఫోల్డర్‌లో పెట్టదు, తన సొంత లైబ్రరీలో దాచుకుంటుంది. ఇది తెలియక మా బావగారు ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లో వేసుకుని గాజువాకలో వాళ్ల అబ్బాయి కంప్యూటర్‌కి తీసుకెళ్తే, వీడియోలు ఉన్నాయి కానీ రెండు వారాలు చేసిన ఎడిటింగ్ లేదు. ప్రాజెక్టును విడిగా ఎక్స్‌పోర్ట్ చేయాలని పుస్తకంలో ఉంది, ఆయన ఆ అధ్యాయం వదిలేశారు. ఫ్రేమ్ రేట్ కూడా అంతే, టైమ్‌లైన్‌లోకి, అంటే క్లిప్పులను వరుసగా పేర్చే చోటికి, ఒకసారి వీడియోలు వచ్చాక మొత్తం ప్రాజెక్టు ఫ్రేమ్ రేట్ మార్చనివ్వదు. పాత క్యాసెట్, ఫోన్ వీడియో కలిపేవాళ్లు మొదటి రోజే దీని గురించి ఆలోచించుకోవాలి. క్యాసెట్ ప్రధానమైతే 25, ఫోన్ వీడియో ప్రధానమైతే 30 పెట్టుకోమని నా సలహా.

8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు, అంటే మన ఇళ్లలో చాలామందికి, కేడెన్‌లైవ్, షాట్‌కట్ రెండిట్లో ఒకటి. రెండూ ఓపెన్ సోర్స్, పూర్తిగా ఉచితం, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ లైనక్స్‌లోనూ నడుస్తాయి, లోపలి ఇంజిన్ కూడా రెండిటికీ ఒకటే, ఎంఎల్‌టీ అంటారు దాన్ని. చిన్న కంప్యూటర్ మీద బొమ్మ తట్టుకోకుండా నడవాలంటే ప్రాక్సీ అని ఒక ఏర్పాటు ఉంటుంది, పెద్ద వీడియోకి చిన్న నకలు తయారు చేసి ఎడిటింగ్ అంతా ఆ నకలు మీద చేయించి, చివర్లో ఎక్స్‌పోర్ట్ మాత్రం అసలు దాని నుంచి తీస్తుంది. రెండిట్లోనూ ఇది ఉంది. ఫోన్ వీడియోల ఫ్రేమ్ రేట్ నిలకడగా లేకపోతే రెండూ పసిగట్టి, మార్చుకుంటారా అని అడుగుతాయి. మార్చేయండి, ఆలోచించకండి.

మరి రెండిట్లో ఏది? వాడడానికి నాకు షాట్‌కట్ తేలిక అనిపించింది, నేర్చుకోవడానికి మాత్రం కేడెన్‌లైవ్ నయం. షాట్‌కట్ తెరిస్తే దాదాపు ఖాళీ తెర కనిపిస్తుంది, ట్రాక్ (క్లిప్పులు పేర్చే వరస) కూడా మీరే వేసుకోవాలి, టైటిల్ కావాలంటే ఫిల్టర్స్‌లోకి వెళ్లి వెతకాలి, అక్షరాలు ఫిల్టర్ ఎలా అవుతాయో కొత్తవాళ్లకు ఎలా తెలుస్తుంది చెప్పండి. దాని వెబ్‌సైట్‌లో పాఠాలు ఉన్నాయి కానీ విడివిడిగా, ఏది ముందో ఏది తర్వాతో మనమే వరుస పెట్టుకోవాలి. కేడెన్‌లైవ్‌కి మాన్యువల్ ఉంది, ఇన్‌స్టాల్ చేయడం దగ్గర మొదలై, తొందరగా ఒక చిన్న వీడియో చేయించి, తర్వాత ఒక్కో భాగం వివరించుకుంటూ వెళ్తుంది. రిజాల్వ్ పుస్తకం అంత ఓపికగా చేయి పట్టుకుని నడిపించదు గానీ వరుస ఉంది. వరుస ఉంటే చాలు.

క్లిప్‌చాంప్ గురించి రెండు మాటలు. మైక్రోసాఫ్ట్ 2021లో ఆ కంపెనీని కొనుక్కుంది, ఇప్పుడు విండోస్ 11లో అది ముందే వేసి వస్తోంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలు, 1080పీ దాకా వాటర్‌మార్క్ లేకుండా ఉచితం. పది నిమిషాల పుట్టినరోజు వీడియోకి ఇంతకంటే తేలికైంది లేదు, దానికి పుస్తకమే అక్కర్లేదు. నెలకోసారి చిన్న వీడియో చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టడమే మీ అవసరమైతే ఇక్కడే ఆగిపోండి, ఈ వ్యాసంలో మిగతాది చదవకపోయినా నష్టం లేదు. మ్యాక్ ఉన్నవాళ్లకు ఐమూవీ అలాంటిదే, ఉచితం, ఇంకా నున్నగా ఉంటుంది, మొదటి నెల అక్కడే గడపండి.

డబ్బు పెట్టేవాళ్లకు అడోబీ ప్రీమియర్ ఎలిమెంట్స్ ఉంది. వృత్తిగా చేసేవాళ్లు వాడే పెద్ద ప్రీమియర్‌కీ దీనికీ సంబంధం పేరులోనే ఎక్కువ. ఇది ఇంట్లో వాళ్ల కోసం చేసింది, గైడెడ్ ఎడిట్స్ అని ఒక భాగంలో ఒక్కో పనిని అడుగడుగునా ఇక్కడ నొక్కు, ఇప్పుడు ఇది లాగు అని స్క్రీన్ మీదే చెప్తుంది. ఒకరకంగా పుస్తకం లోపలే ఉన్నట్టు. 2025 వెర్షన్ నుంచి మాత్రం ఒకసారి కొంటే శాశ్వతం కాదు, మూడేళ్ల లైసెన్సు. రిటైరై, నేర్చుకోవాలన్న కోరిక ఉండి, మెనూల్లో వెతుక్కునే ఓపిక లేనివాళ్లకు నేను దీన్నే చెప్తాను. మిగతావాళ్లు ఆ డబ్బుతో హార్డ్‌డిస్క్ కొనుక్కోవడం మేలు.

ఫోన్ యాప్‌ల సంగతి కూడా అడుగుతారు. రీల్స్‌కి బాగుంటాయి. మూడు ఫోన్ల వీడియోలు, పాత క్యాసెట్, ఫొటోలు కలిపి అరగంట కుటుంబ వీడియో చేయడం ఆ చిన్న తెర మీద కళ్లకు శిక్ష. ఉచితం అని చెప్పి చివర్లో వీడియో మూల తమ ముద్ర వేసే యాప్‌లు, సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి, కాబట్టి ఏదైనా సరే మొదటి రోజే పది సెకన్ల క్లిప్ ఒకటి ఎక్స్‌పోర్ట్ చేసి చూసుకోండి. పాత విండోస్ మూవీ మేకర్ కోసం వెతికేవాళ్లు ఇంకా ఉన్నారు. మైక్రోసాఫ్ట్ దాన్ని ఇవ్వడం 2017 జనవరిలోనే మానేసింది, ఆ పేరు పెట్టుకుని డబ్బులు అడిగే నకిలీలు తర్వాత పుట్టుకొచ్చాయి, జాగ్రత్త.

పుస్తకాన్ని ఎలా చూసి ఎంచుకోవాలి

షాపులో గానీ ఆన్‌లైన్‌లో గానీ ముందు వెర్షన్ నంబర్ చూడండి. మీ దగ్గరున్న వెర్షన్‌కీ పుస్తకానికీ ఒక నంబర్ తేడా ఉంటే ఫర్వాలేదు, బొమ్మలు కాస్త వేరుగా ఉన్నా అర్థం చేసుకోవచ్చు. మూడు నాలుగు వెర్షన్ల తేడా ఉంటే వద్దు, సగం ధరకి ఇస్తున్నా వద్దు. ఇంకో దారి ఉంది, చాలామంది దీన్ని ఆలోచించరు. పుస్తకానికి తగ్గ పాత వెర్షన్ సాఫ్ట్‌వేర్‌నే వేసుకోవడం. రిజాల్వ్‌కి పాత వెర్షన్లు వాళ్ల సపోర్ట్ పేజీలో ఇంకా దొరుకుతాయి. పుస్తకం అయిపోయేదాకా అప్‌డేట్ చేయమని అడిగినా చేయకండి.

రెండోది, అభ్యాసానికి ఫైళ్లు ఇస్తున్నారా లేదా. ఇవ్వని పుస్తకం వంటల పుస్తకంలా చదువుకోవడానికి బాగుంటుంది, చేయి తిరగదు. మూడోది, చివర్లో పదసూచిక ఉందా. అయిదో వారంలో మీకు ఒక్క పని గుర్తురాదు, అప్పుడు 400 పేజీలు తిరగేయలేరు.

శబ్దం మీద ఎన్ని పేజీలున్నాయో కూడా చూడండి. ఇది నా పట్టుదల అనుకోండి. పుస్తకాల్లో ఎఫెక్టుల మీద వంద పేజీలు, శబ్దం మీద ఎనిమిది పేజీలు ఉంటే దాన్ని పక్కన పెట్టేయండి, ఎందుకంటే ఇంటి వీడియోలో బొమ్మ కాస్త మసకగా ఉన్నా అమ్మమ్మ మాట వినిపిస్తే కూర్చుని చూస్తారు, మాట వినిపించకపోతే రెండో నిమిషంలో లేచిపోతారు. మన ఊరికి ఇది మరీ ముఖ్యం. బీచ్‌లో, కైలాసగిరి మీద, రుషికొండలో తీసిన ప్రతి వీడియోలో గాలి గుభగుభమని కొడుతూ ఉంటుంది. దానికి హై పాస్ అనే ఫిల్టర్ ఉంటుంది, 80 నుంచి 100 హెర్ట్జ్ (స్వరం హెచ్చుతగ్గుల కొలత) కింద ఉన్న శబ్దాన్ని కోసేస్తే ఆ మోత చాలావరకు తగ్గుతుంది, మనిషి గొంతు నిలుస్తుంది. షాట్‌కట్‌లో ఆ పేరుతోనే ఉంది, రిజాల్వ్‌లో ఈక్వలైజర్ లోపల ఉంటుంది. మైకులోకి నేరుగా కొట్టి పగిలిపోయిన గాలిని మాత్రం ఏదీ బాగుచేయలేదు, అక్కడ ఆ మాట తీసేసి అలల చప్పుడు ఇంకో క్లిప్ నుంచి తెచ్చి వేయడమే దారి.

రంగుల అధ్యాయం కూడా మనకు అక్కరకొస్తుంది. మన దగ్గర సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు కదా, పొద్దున్నే బీచ్‌లో సముద్రం వైపు నిలబెట్టి తీస్తే మనుషులు నల్లటి బొమ్మల్లా వస్తారు. నీడలు ఎత్తడం, అంటే చీకటి భాగాలకు మాత్రం వెలుగు పెంచడం తెలిస్తే మొహాలు కొంతవరకు బయటపడతాయి. అరకు రైలైతే సొరంగంలోకి వెళ్లిన ప్రతిసారీ తెర నల్లబడి, బయటికి రాగానే తెల్లగా పేలిపోతుంది, అక్కడ సరిదిద్దే ప్రయత్నం చేయకండి, సొరంగం చీకటినే ఒక దృశ్యానికీ ఇంకో దృశ్యానికీ మధ్య అతుకుగా వాడుకోండి. ఇది నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు, పిన్ని వాళ్ల వీడియోలు చూస్తుంటే తోచింది.

పీడీఎఫ్ చదవాలా, అచ్చు పుస్తకమా? నాకైతే కాగితమే. ఒకే స్క్రీన్ మీద పుస్తకం, సాఫ్ట్‌వేర్ రెండూ పెట్టుకుంటే రెండిటికీ చోటు చాలదు. పీడీఎఫ్ మొత్తం ప్రింట్ తీయించకండి, వందల పేజీలు. మొదటి నాలుగైదు అధ్యాయాలు జిరాక్స్ షాపులో నలుపు తెలుపులో తీయించి స్పైరల్ బైండింగ్ వేయించుకోండి, రంగుల అధ్యాయం మాత్రం ట్యాబ్‌లోనో ఫోన్‌లోనో చూడండి, ఎరుపు ఎక్కువైందని చెప్పే బొమ్మ నలుపు తెలుపులో చూస్తే ఏం తెలుస్తుంది.

ఇంగ్లీషు భయం ఉన్నవాళ్లకు ఒక మాట. ఈ పుస్తకాలు ఇంగ్లీషులోనే ఉన్నాయి, నిజమే, కానీ వాక్యాలు చిన్నవి, అవే యాభై అరవై మాటలు తిరిగి తిరిగి వస్తాయి. పిన్ని తెలుగు మీడియంలో చదివిన మనిషి. ఒక నోటుపుస్తకంలో ఎడమవైపు మెనూ మాట, కుడివైపు అది ఏం చేస్తుందో తన మాటల్లో రాసుకుంటూ వెళ్లింది. "రిపుల్: తీసేసిన చోట ఖాళీ వదలకుండా వెనకవి ముందుకు జరగడం" అని రాసుకుంది. అంతకంటే బాగా ఎవరు చెప్తారు.

కోచింగ్‌కి వెళ్లడం ఎలా ఉంటుందని కూడా అడుగుతారు, ద్వారకానగర్‌లో బోర్డులు కనిపిస్తాయి కాబట్టి. ఉద్యోగం కావాలనుకునే పిల్లలకు అది సరే. పెళ్లి వీడియోల మిక్సింగ్ పనిలోకి వెళ్లాలనుకునేవాళ్లు స్టూడియోలో మిక్సింగ్ చేసే మనిషి పక్కన ఆరునెలలు కూర్చోవడం ఇంకా మంచిది. ఇంటి వీడియోలకు మాత్రం ఆ ఫీజు, ఆ ఎఫెక్టుల పాఠాలు అనవసరం.

తెలుగు అక్షరాల పరీక్ష

దీన్ని ఇంగ్లీషు పుస్తకాలు చెప్పవు, మనమే చూసుకోవాలి. సాఫ్ట్‌వేర్ వేసుకున్న మొదటి గంటలోనే టైటిల్ తెరిచి "శ్రీ వరాహ లక్ష్మీ నరసింహస్వామి" అని టైప్ చేయండి. మన సింహాచలం స్వామి పేరులో క్రారవడి ఉంది, ఒత్తుకు ఒత్తుంది, గుడి ఉంది, పరీక్షకు ఇంతకంటే మంచి మాట దొరకదు. అక్షరాలు సరిగ్గా కూర్చుంటే సరే. ఒత్తులు విడిపోయి పక్కకు పడితే ఆ ప్రోగ్రాంలోని ఇంకో టైటిల్ పద్ధతి ప్రయత్నించండి, ఒకే సాఫ్ట్‌వేర్‌లో ఒక రకం టైటిల్‌లో సరిగ్గా వచ్చి ఇంకో రకంలో విరిగిపోవడం మామూలే. పెద్ద ప్రీమియర్‌లో అయితే ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ కింద దక్షిణాసియా భాషల టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోవాలి.

ఎక్కడా కుదరకపోతే పవర్‌పాయింట్‌లో టైటిల్ రాసి, ఆ పెట్టె మీద రైట్ క్లిక్ చేసి బొమ్మగా పీఎన్‌జీలో సేవ్ చేస్తే వెనక రంగు లేకుండా వస్తుంది, దాన్ని టైమ్‌లైన్‌లో పై ట్రాక్ మీద పెట్టండి. అన్ని సాఫ్ట్‌వేర్లలోనూ పనిచేసే ఉపాయం ఇది. ఫాంట్లకు గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, గురజాడ, తిమ్మన, సూరన్న లాంటివి ఉచితంగా ఉన్నాయి, యూనికోడ్‌వి, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతివి. డీటీపీ షాపుల్లో వాడే అనూ ఫాంట్లు వేరే పద్ధతివి, వాటిని తెచ్చి ఇక్కడ వాడాలని చూసి సమయం పోగొట్టుకోకండి.

పుస్తకం అయిపోయేదాకా ఎలా నడపాలి

వారానికి మూడు సాయంత్రాలు, గంట చొప్పున. ఒకరోజు పుస్తకం ఇచ్చిన ఫైళ్లతో పాఠం, తర్వాతి రోజు అదే పని మీ ఇంటి వీడియోతో, రెండు నిమిషాలకు మించకుండా. ఇలా చేయకుండా పుస్తకం ఫైళ్లతోనే చివరిదాకా వెళ్లినవాళ్లకు సొంత వీడియో దగ్గరికి వచ్చేసరికి చేతులు ఆడవు, ఎందుకంటే పుస్తకంలో ఇచ్చినవి కెమెరా కదలకుండా, మంచి వెలుతురులో తీసినవి. మన దగ్గరున్నవి నిలువుగా తీసినవి కొన్ని, అడ్డంగా తీసినవి కొన్ని, ఎవరో మధ్యలో వచ్చి "తీస్తున్నావా?" అని అడిగినవి కొన్ని. ఆ గొడవ రెండో రోజు నుంచే అలవాటు కావాలి.

వీడియోలు పోగు చేసేటప్పుడు బంధువులను వాట్సాప్‌లో మామూలుగా పంపమనకండి, అది నలిపేసి పంపుతుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి, 2 జీబీ దాకా ఉన్నదున్నట్టు వస్తుంది. వచ్చినవన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి, పని మొదలయ్యాక ఆ ఫోల్డర్ పేరు మార్చకండి, చోటు మార్చకండి. సాఫ్ట్‌వేర్ మీ వీడియోలను లోపల దాచుకోదు, ఎక్కడున్నాయో చిరునామా మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది.

మధ్యలో సాఫ్ట్‌వేర్ మార్చాలనిపిస్తుంది. తప్పకుండా అనిపిస్తుంది, నాలుగో వారంలో ఎవరో ఒకరు ఇంకోటి బాగుందని చెప్తారు. ఒక్క వీడియో పూర్తి చేసి ఇంట్లోవాళ్లకు టీవీ మీద చూపించేదాకా మార్చకండి. ఆ తర్వాత మారినా నష్టం లేదు, ట్రాక్, ట్రిమ్ (క్లిప్ చివర్లు కోయడం), ఫ్రేమ్ రేట్, లెవెల్స్ ఎక్కడైనా అవే.

పిన్ని ల్యాప్‌టాప్ 8 జీబీది, అందుకని రిజాల్వ్ కావాలని అడిగినా వద్దన్నాను, కేడెన్‌లైవ్ వేశాం. మాన్యువల్‌లో తొలి భాగం ప్రింట్ తీయించి ఇచ్చాను. భోగిపళ్ల వీడియో అయిపోయింది, నాలుగున్నర నిమిషాలు, టైటిల్‌లో తిమ్మన ఫాంట్ వేసింది, హైదరాబాద్‌లో ఉన్న వదిన చూసి ఏడ్చిందట. ఇప్పుడు బీచ్ క్లిప్ దగ్గర ఆగింది. పిల్లాడి ఏడుపు మీద గాలి మోత పడి వినిపించడం లేదట, హై పాస్ ఎంత పెట్టాలని రాత్రి మెసేజ్ పెట్టింది. నూరు దగ్గర మొదలుపెట్టమన్నాను, చిన్నపిల్లల గొంతు పెద్దవాళ్లకంటే పైన ఉంటుంది కాబట్టి ఇంకాస్త పెంచినా నష్టం ఉండదు.